చీరాల బీచ్ ట్రిప్: ఏం తినాలి, ఏం చూడాలి, పన్ను కట్టం అని ఊరే ఖాళీ చేసిన కథ ఏంటి

ఇవాళ్టి ఎపిసోడ్ చీరాల గురించి. "అన్నా, వీకెండ్‌కి చీరాల వెళ్తున్నాం, ఎక్కడ తినాలి, ఏం చూడాలి" అని చాలామంది అడుగుతున్నారు. చెప్తాను. తిండి గురించే మొదలుపెడతాను. కాకపోతే నాది చరిత్ర పిచ్చి కాబట్టి చేపల వేపుడు దగ్గర మొదలై కాకతీయుల దాకా వెళ్తాం. అది మీకు అలవాటే.

మొన్న నలుగురం ఫ్రెండ్స్ కలిసి రామాపురం బీచ్‌కి వెళ్ళాం. పొద్దున్నంతా నీళ్ళలో ఆడుకుని, మధ్యాహ్నం ఒక హోటల్లో కూర్చుని బాగా తిన్నాం. బిల్లు వచ్చింది. కింద సీజీఎస్‌టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్‌టీ రెండున్నర శాతం. మావాడొకడు బిల్లు పట్టుకుని, "ఏరా, చేప తిన్నందుకు కూడా పన్నేనా? కట్టనంటే ఏం చేస్తారు?" అన్నాడు.

"ఈ ఊరివాళ్ళు ఆ పని చేసి చూశారు రా" అన్నాను.

"ఎవరు?"

"చీరాలవాళ్ళు. 1921లో. పన్ను కట్టం అని ఊరికి ఊరే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పదకొండు నెలలు."

ముగ్గురూ ఫోన్లు పక్కన పెట్టి నా వైపు చూశారు. వాళ్ళలో ఒకడిది చీరాల పక్క ఊరే. ఇంటర్ కూడా చీరాలలోనే చదివాడు. వాడికీ తెలీదు. "చీరాల–పేరాల ఉద్యమం అని పుస్తకంలో ఒక లైను ఉండేది, బిట్ క్వశ్చన్‌కి బట్టీ పట్టాను" అన్నాడు. అదన్నమాట విషయం. పదమూడు వేలమంది జీవితం మనకి ఒక బిట్ క్వశ్చన్. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం అదే.

ముందు దారి, తర్వాత తిండి

చీరాల విజయవాడ–చెన్నై రైల్వే మెయిన్ లైన్ మీద ఉంది. రోడ్డు మీద అయితే గుంటూరు నుంచి పొన్నూరు, బాపట్ల మీదుగా రావచ్చు. చిన్న విషయం చెప్తాను, సరదాగా ఉంటుంది. చీరాల ఏ జిల్లా? 1970 దాకా గుంటూరు జిల్లా. ఆ తర్వాత ఒంగోలు జిల్లా ఏర్పడింది, దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి. ఈ ఊళ్ళో ఒక తాతగారు ఇల్లు మారకుండానే మూడు జిల్లాల్లో బతికి ఉంటారు.

వచ్చే దారి కూడా చూడండి. గుంటూరుకి పడమరగా నరసరావుపేట, చిలకలూరిపేట వైపు నల్లరేగడి నేలలు. పత్తి, మిరప. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్తే కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి, కారు అద్దాలు దించితే ఘాటు తగులుతుంది. తూర్పుకి వచ్చే కొద్దీ నేల ఇసక అవుతుంది, తాటిచెట్లు మొదలవుతాయి, గాలిలో ఉప్పు తెలుస్తుంది. పత్తి పండే నేల పడమట, బట్ట నేసే ఊరు తూర్పున, ఆ పక్కన సముద్రం. ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉండటమే ఈ ప్రాంతం చరిత్ర అంతానూ. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు తిండి. పొద్దున్నే లేవగలిగితే వాడరేవు వెళ్ళండి. చీరాల టౌన్ నుంచి ఆటోలో కాసేపే. పేరులోనే ఉంది చూడండి, ఓడరేవు. ఒకప్పుడు ఓడలు ఆగిన చోటు, ఇప్పుడు వేట పడవలు ఆగుతాయి. పడవలు ఒడ్డుకి వచ్చే టైములో ఇసక మీదే చేపల బేరం జరుగుతుంది. వంజరం, చందువా, రొయ్యలు, పీతలు, చిన్నవైతే నెత్తళ్ళు. బుట్టల ముందు కూర్చున్న అక్కలతో బేరమాడండి, కాని మరీ గీచి గీచి ఆడకండి. ఆ చేప కోసం ఆ ఇంటాయన రాత్రంతా సముద్రంలో ఉన్నాడు.

బీచ్ దగ్గర వేపుడు చేసి ఇచ్చేవాళ్ళు ఉంటారు. చేప ముందు చూపించమని అడగండి. మొప్పలు ఎర్రగా ఉండాలి, కన్ను తేటగా ఉండాలి, వేలితో నొక్కితే కండ వెనక్కి రావాలి. ఈ మూడూ ఉంటే తాజా చేప. మధ్యాహ్నం అన్నంలోకి వేపుడు కంటే పులుసు మంచిది. చింతపండు పులుసులో గుంటూరు కారం. రొయ్యలైతే ఇగురు. వేసవిలో వెళ్తే తాటిముంజలు, చలికాలం అయితే తేగలు. ఇంటికి తీసుకెళ్ళడానికి వేటపాలెం జీడిపప్పు. వేటపాలెం చీరాల పక్కనే, జీడిగింజలు కాల్చి, కొట్టి, పప్పు తీసే పని అక్కడ చాలా ఇళ్ళకి బతుకుతెరువు.

ఒక జాగ్రత్త. ఈ తీరంలో అలలు చూడటానికి మెత్తగా ఉంటాయి, లోపల లాగుతాయి. వాడరేవు, రామాపురం, బాపట్ల దగ్గర సూర్యలంక, మూడు చోట్లా స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళు ఉన్నారు. మోకాలి లోతు దాటకండి. పోలీసులు వద్దన్నచోట దిగకండి. తాగి అసలు దిగకండి. రీల్ మళ్ళీ తీసుకోవచ్చు.

పులుసులో కారం లేని రోజులు

ఇప్పుడు ఆ చేపల పులుసు గిన్నె దగ్గరికి రండి. అందులో కారం ఎప్పటి నుంచి ఉంది అనుకుంటున్నారు? మనకి గుంటూరు అంటే మిరపకాయ. కాని మిరప మన నేలలో పుట్టిన పంట కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకు ముందు ఇక్కడ చేపలు వండినవాళ్ళు ఘాటు కోసం మిరియాలు వాడాల్సిందే. మిరియం, మిరప, ఆ పేర్ల చుట్టరికం మీకే వినబడుతోంది కదా.

మరి మిరియాలు ఎక్కడ నుంచి వచ్చేవి? సముద్రం మీద. ఏ రేవుకి? దానికి మనం చీరాల నుంచి కాస్త దక్షిణంగా వెళ్ళాలి. వేటపాలెం దాటి చినగంజాం మండలంలో మోటుపల్లి అని ఒక పల్లె. ఇప్పుడు చూస్తే మామూలు ఊరు. పాత గుళ్ళు, తోటలు, ఇసక. మీ ఫ్రెండ్స్‌ని తీసుకెళ్తే "ఇక్కడేముంది రా" అంటారు. మావాళ్ళూ అన్నారు.

వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. దాని మీద కాకతీయ గణపతిదేవుడి శాసనం. కాలం 1244–45. దాన్ని మోటుపల్లి అభయ శాసనం అంటారు. అభయం అంటే భయపడకు అని మాట ఇవ్వడం. ఎవరికి? సముద్రం మీద వచ్చే వ్యాపారులకి.

ఆ రోజుల్లో పద్ధతి ఏంటంటే, తుఫానుకి ఓడ దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా ఆ తీరాన్ని ఏలే రాజుది. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏముంటే అది. ఒకసారి ఆలోచించండి. మీరు అప్పు చేసి సరుకు కొని, నెలల తరబడి సముద్రం మీద వచ్చి, తుఫానులో ఎలాగో ప్రాణం దక్కించుకుని ఒడ్డున పడ్డారు. లేచి చూస్తే రాజు మనుషులు మీ మూటలు మోసుకుపోతున్నారు. గణపతిదేవుడు ఆ శాసనంలో చెప్పింది ఇదీ: పాత రాజులు అలా లాక్కునేవారు, మేం లాక్కోం. ఇంత ప్రమాదం మోసుకుని వచ్చిన మీ దగ్గర నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, మిరియాలు, పట్టు, ఇలా ఏ సరుకుకి ఎంతో రాతి మీద చెక్కించాడు.

ముప్పయ్యో వంతు అంటే లెక్క వేయండి. వందకి మూడు రూపాయల ముప్పయి మూడు పైసలు. మా హోటల్ బిల్లులో వందకి అయిదు. "చూశావా, గణపతిదేవుడే నయం" అన్నాడు మావాడు. నేను నవ్వాను కాని, అసలు సంగతి రేటు కాదు. రేటుని రాతి మీద చెక్కించి, అందరూ చూసే చోట నిలబెట్టడం. ఎంత తీసుకుంటానో ముందే చెప్తున్నాను, దానికంటే ఎక్కువ తీసుకోను అనే మాట. ఆ మాట మీద నమ్మకంతో ఓడలు వచ్చాయి. కాకతీయుల తర్వాత రెడ్డిరాజుల కాలంలో అనపోతారెడ్డి కూడా 1358లో ఇదే ఊళ్ళో వ్యాపారులకి మళ్ళీ శాసనం వేయించాడు. అంటే మాట ఇచ్చిన రాజ్యం పోయినా, ఆ మాట అవసరం పోలేదు.

ఈ తీరం గురించి మార్కో పోలో కూడా రాశాడు. చైనా నుంచి సముద్ర మార్గంలో 13వ శతాబ్దం చివర్లో తిరిగి వెళ్తూ చెప్పిన ముత్ఫిలి అనే రాజ్యం మోటుపల్లి పేరుతో ఆయన చెప్పినదే అని చరిత్రకారులు అంటారు. దాన్ని ఒక రాణి ఏలుతోంది, చాలా న్యాయంగా ఏలుతోంది అని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి. కాకపోతే చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. వజ్రాల గురించి వింత కథలు చెప్పాడు. వాటితో పాటు ఇక్కడ నేసే బట్ట సాలెగూడంత సన్నం అని, రాజులూ రాణులూ ఇష్టపడి కట్టుకునేలా ఉంటుందని చెప్పాడు. పడమట పత్తి, తూర్పున నేత, పక్కన సముద్రం అని ఇందాక అన్నాను కదా, అదే ఇది.

ఉప్పు దగ్గర కాసేపు ఆగండి

మోటుపల్లి నుంచి వెనక్కి వచ్చేటప్పుడు చినగంజాం దగ్గర రోడ్డు పక్కన తెల్లగా కుప్పలు కనబడతాయి. ఉప్పు. మళ్ళలోకి ఉప్పునీళ్ళు పెడతారు, ఎండకి నీళ్ళు ఇగిరిపోతాయి, మిగిలిన ఉప్పుని చెక్కపారలతో లాగి కుప్ప పోస్తారు. ఎండే వాళ్ళ పెట్టుబడి, ఒక్క అకాల వాన పడితే కుప్ప కరిగిపోతుంది. ఫొటోలు బాగా వస్తాయి, తీసుకోండి. మళ్ళ గట్ల మీద నడిచే ముందు మాత్రం అక్కడ పనిచేస్తున్నవాళ్ళని ఒక మాట అడగండి. కాళ్ళకి చెప్పులు లేకుండా ఆ ఉప్పులో నిలబడేది వాళ్ళు.

పక్కనే పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా వైపు నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ బకింగ్‌హామ్ కాలువతో కలుస్తుంది. ఒకప్పుడు ఈ దారిలో పడవల మీద సరుకు చెన్నపట్నం దాకా వెళ్ళేది.

ఇంగ్లీషు వాళ్ళ కాలంలో ఈ ఉప్పు ఎవరు పడితే వాళ్ళు తయారు చేయడానికి లేదు. సర్కారు అనుమతి కావాలి, సుంకం కట్టాలి. సముద్రం ఇంటి ముందే ఉంది, నీళ్ళు ఊరికే వస్తాయి, ఎండ ఊరికే వస్తుంది, అయినా గిన్నెలో వేసే చిటికెడు ఉప్పు మీద పన్ను. 1930లో గాంధీగారు దండి వెళ్ళినప్పుడు, ఇక్కడ ఒంగోలు దగ్గర దేవరంపాడు ఉప్పు సత్యాగ్రహానికి ఒక శిబిరం అయింది. ఉప్పు పన్ను పోయింది 1947లో.

అంటే మన చేపల పులుసులో మిరియాల మీద ఒక పన్ను చూశాం, ఉప్పు మీద ఒక పన్ను చూశాం. ఇప్పుడు చీరాల టౌన్‌లోకి వెళ్దాం.

ఊరే వెళ్ళిపోయింది

1919కి ముందు చీరాల, పేరాల రెండూ కలిసి ఒక యూనియన్. అంటే పంచాయితీ లాంటిది. ఏడాదికి పన్ను సుమారు నాలుగు వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్ళనీ కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్ను సుమారు నలభై వేలకి వెళ్ళింది.

అప్పటి జనాభా దాదాపు పదిహేను వేలు. లెక్క వేయండి. తలకి నాలుగణాల పైచిలుకు ఉన్నది రెండున్నర రూపాయలు దాటింది. రూపాయికి పదహారణాలు. చంటిపిల్లతో సహా ఇంట్లో ఆరుగురు ఉంటే పదహారు రూపాయలన్నమాట. అందరూ సమానంగా కట్టరనుకోండి, కాని ఊరి మీద పడ్డ బరువు అదీ. కట్టాల్సింది ఎవరు? ఎక్కువమంది నేతపనివాళ్ళు, చిన్న వ్యాపారులు, రైతులు.

జనం వద్దన్నారు. అర్జీలు పెట్టారు. వినలేదు. అప్పుడు పన్ను కట్టడం మానేశారు. కేసులు పెట్టారు, కొందరిని జైలుకి పంపారు. వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఇక్కడ ఒక విషయం మనం నిజాయితీగా చెప్పుకోవాలి. దీన్ని "తెల్లదొరలు వర్సెస్ మనం" అని సింపుల్‌గా చెప్పేస్తుంటారు. 1920 చివరి ఎన్నికల తర్వాత మద్రాసులో స్థానిక పాలన శాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. జస్టిస్ పార్టీ ప్రభుత్వం. మంత్రి పానగల్ రాజా, తెలుగువాడే. అయినా చీరాల మాట నెగ్గలేదు. అంటే పైన కూర్చున్నది ఎవరైనా, కింద ఉన్నవాణ్ణి అడగకుండా నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో చీరాల కథ చెప్తుంది.

చీరాలవాళ్ళకి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆంధ్రరత్న అని పిలుస్తారు. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టాడు. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో ఎం.ఏ. చదివి వచ్చాడు. మంచి మాటకారి, పాట, పద్యం, హాస్యం అన్నీ ఉన్నవాడు. రామదండు అని వాలంటీర్ల దళం పెట్టాడు. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు. ఇవాళ ఒక ఈవెంట్‌కి వాలంటీర్లని పోగు చేయడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆయన ఫోన్ లేకుండా, వాట్సాప్ గ్రూప్ లేకుండా వెయ్యిమంది దళాన్ని నడిపాడు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. ఆ తర్వాత గాంధీగారు చీరాల వచ్చారు. దుగ్గిరాల, ఊరివాళ్ళు ఏం చేయాలి అని అడిగారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, హింస లేకుండా పన్ను నిరాకరించి వచ్చిన శిక్ష అనుభవించడం. రెండోది, ఊరు వదిలి మున్సిపాలిటీ హద్దు బయటికి వెళ్ళిపోవడం. అన్యాయం జరిగే చోటు వదిలి వెళ్ళడాన్ని ముస్లింలు హిజ్రత్ అంటారు. ఖిలాఫత్ రోజుల్లో 1920లో వేలమంది ముస్లింలు ఇలాగే ఇండియా వదిలి ఆఫ్ఘనిస్తాన్ వైపు నడిచారు. అందుకే ఆ మాట అప్పుడు అందరి నోటా ఉంది.

చీరాల రెండో దారి ఎంచుకుంది. లాజిక్ చాలా సింపుల్. మున్సిపాలిటీ హద్దులో ఉంటేనే మున్సిపాలిటీ పన్ను. మనిషే లేని ఊరికి పన్ను ఎవరు కడతారు?

ఏప్రిల్ నెలాఖరుకి కదిలారు. పదిహేను వేలలో పదమూడు వేలమందికి పైగా. హద్దు బయట ఇసక నేలలో తాటాకు పాకలు, పందిళ్ళు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. తమ వ్యవహారాలు తామే చూసుకోడానికి ఒక సభ పెట్టుకున్నారు. తగాదాలు వస్తే తీర్చడానికి తమ పంచాయితీయే. కాపలాకి రామదండు.

మీరు మే నెలలో చీరాల ఇసకలో చెప్పుల్లేకుండా పది అడుగులు వేసి చూడండి. ఆ నెలలో వాళ్ళు ఇళ్ళు వదిలారు. పసిపిల్లలతో, ముసలివాళ్ళతో, పశువులతో. నేతపనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. గుంట మగ్గం అంటే నేలలో గుంట తీసి, కాళ్ళు అందులో పెట్టుకుని నేసే మగ్గం. మంచం ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోవడానికి కుదరదు. కొత్త చోట మళ్ళీ గుంట తవ్వాలి. వాన పడితే గుంటలోకి నీళ్ళు. తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. మగ్గం ఆడకపోతే ఆ రోజు పొయ్యి వెలగదు. వాళ్ళు పెట్టిన పందెం అదీ.

పదకొండు నెలలు నిలబడ్డారు.

మధ్యలో దుగ్గిరాల బరంపురం వెళ్ళాడు. మాట్లాడకూడదని ప్రభుత్వం ఆంక్ష పెడితే, దాన్ని ధిక్కరించి మాట్లాడాడు. అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు, తిరుచిరాపల్లి జైలు. నాయకుడు లోపల. డబ్బు లేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన జరిగాక గాంధీగారు సహాయ నిరాకరణనే ఆపేశారు. రామ్‌నగర్ జనం ఒక్కొక్కళ్ళుగా పాత ఇళ్ళకి తిరిగి వచ్చారు. మున్సిపాలిటీ అలాగే ఉంది. దుగ్గిరాల జైలు నుంచి వచ్చాడు, కాని ఎక్కువ కాలం బతకలేదు. 1928 జూన్‌లో క్షయతో పోయాడు. వయసు 39.

అయితే ఓడిపోయినట్టేనా?

హోటల్లో మావాడు అడిగింది ఇదే. "చివరికి కట్టారు కదరా. మరి ఎందుకు అంత కష్టం?"

నాకు వెంటనే జవాబు రాలేదు. తర్వాత మోటుపల్లి స్తంభం ముందు నిలబడ్డప్పుడు అనిపించింది. చీరాలవాళ్ళు పన్నే వద్దనలేదు. అంతకు ముందు నాలుగు వేలు కడుతూనే ఉన్నారు. మోటుపల్లి వ్యాపారులు కూడా సుంకం కట్టారు. తేడా ఎక్కడుంది? మోటుపల్లిలో రాజు ఎంత తీసుకుంటాడో ముందు చెప్పి, దానికి కట్టుబడతానన్నాడు. చీరాలలో పదింతలు చేసి, వద్దన్నవాళ్ళ మాట వినకుండా కట్టమన్నారు. జనం అడిగింది "మమ్మల్ని అడిగారా?" అని. ఆ ప్రశ్న ఓడిపోలేదు. ఇవాళ చీరాలకి ఓట్లు వేసి ఎన్నుకున్న మున్సిపాలిటీ ఉంది. కొళాయి రాకపోతే, కాలువ పొంగితే వార్డు మెంబరుని నిలబెట్టి అడిగే హక్కు ఉంది. ఆ హక్కు అడిగినవాళ్ళలో పదమూడు వేలమంది ఈ ఇసకలో పదకొండు నెలలు ఉన్నారు. వాళ్ళలో చాలామంది పేర్లు మనకి తెలీవు.

వాళ్ళ రోజులు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం, అంటే ఈ గొడవ మొదలవడానికి ఒక సంవత్సరం ముందు. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పుస్తకాలు, పాత తెలుగు పత్రికల సంపుటాలు అక్కడ ఉన్నాయి. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. జీడిపప్పు కొనడానికి వేటపాలెం వెళ్ళేవాళ్ళు, ఒక అరగంట లైబ్రరీకి కూడా ఇవ్వండి. లోపల మెల్లగా మాట్లాడండి, పాత కాగితం పట్టుకునే ముందు చేతులు తుడుచుకోండి.

చివరగా జాండ్రపేట వైపు వెళ్ళాం. చీరాల నేత అంటే ఒకప్పుడు తేలియా రుమాళ్ళు. నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో నానబెట్టి, ముడులు కట్టి రంగు అద్ది నేసేవారు. ఎరుపు, నలుపు, తెలుపు. అరబ్బు దేశాలకి, తూర్పు ఆఫ్రికాకి వెళ్ళేవి. ఇప్పుడు ఇక్కడ కుప్పడం చీరలు ఎక్కువ. ఒక ఇంట్లో మగ్గం మీద ఉన్న పెద్దాయనతో మాట్లాడాను.

"బాబాయ్ గారూ, మీ తర్వాత ఎవరు నేస్తారు?"

"ఎవరూ నెయ్యరబ్బాయ్. పెద్దోడు హైదరాబాదులో ఉద్యోగం, చిన్నోడికి మగ్గం ఎక్కడం ఇష్టం లేదు. తప్పు పట్టను. చీరకి వచ్చే కూలీ నాకు తెలుసు కదా."

"రామ్‌నగర్ గురించి మీ ఇంట్లో చెప్పుకునేవారా?"

ఆయన నాడె ఆపలేదు. "మా తాత చెప్పేవాడు. ఇసకలో మగ్గం వేశాం అనేవాడు. మా పిల్లలు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు.

అంతే. ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు.

కాబట్టి ఫ్రెండ్స్, చీరాల వెళ్తే ప్లాన్ ఇలా పెట్టుకోండి. పొద్దున్నే వాడరేవు, పడవలు, చేపలు. ఎండ ఎక్కేలోపు మోటుపల్లి స్తంభం. తిరిగి వస్తూ చినగంజాం ఉప్పు మళ్ళు. మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం. తర్వాత వేటపాలెం లైబ్రరీ, జీడిపప్పు. సాయంత్రం జాండ్రపేటలో మగ్గం చప్పుడు వినండి, అమ్మకో అక్కకో చీర కొనాలంటే నేసినవాళ్ళ దగ్గరే కొనండి. పొద్దుగూకే వేళకి బీచ్‌కి వెళ్ళి కూర్చోండి, మీరు తెచ్చిన ప్లాస్టిక్ మీరే వెనక్కి తీసుకెళ్ళండి.

ఇంకొక పని. మీ ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో ఉంటే, ఈ వారం ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి. "మన ఊళ్ళో మీ చిన్నప్పుడు అందరూ కలిసి ఎదిరించిన సంగతి ఏదైనా ఉందా?" అని. వాళ్ళు చెప్పేది రికార్డ్ చేసుకోండి. మనం అడగకపోతే వాళ్ళు చెప్పరు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.